లిప్త – కళ్లం నుంచి వచ్చిన మాట



వార్షికోత్సవ సంచిక కోసం సైన్సు మీద ఏదైనా రాయమని అడిగారు. నేను ఒకే ఒక్క మాట తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలనుకుంటున్నాను. ఆ మాట ‘లిప్త’. ఇన్ని విషయాలుండగా ఈ మాటే ఎందుకని మీరు అడగవచ్చు. కాస్త ఓపికగా చదివితే మీకే తెలుస్తుంది.

‘లిప్తపాటులో ప్రమాదం తప్పింది’, ‘లిప్తకాలంలో అంతా జరిగిపోయింది’ అని పేపర్లలో చదువుతుంటాం. రెప్పపాటు అన్నా, లిప్తపాటు అన్నా మనకు ఒకటే. అయితే రెప్పపాటు అంటే ఎంతసేపో మూడో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. కంటిరెప్ప పడి లేచేంతసేపు. మరి లిప్త అంటే ఏమిటి? ఊళ్లో ఎవరినడిగినా ‘అదేదో శాస్త్రం మాట, పంచాంగం చెప్పే అయ్యగారిని అడుగు’ అంటారు. శాస్త్రం మాట అనగానే అది మనది కాదు, మనకు అర్థం కాదు అని ముందే అనుకుని పక్కకు జరుగుతాం. ఆ భయం గురించే ఈ వ్యాసం.

లిప్త అంటే ఎంత?

జ్యోతిష, ఖగోళ గ్రంథాల్లో లిప్త కోణాన్ని కొలిచే మాట. వృత్తానికి 360 డిగ్రీలని మనకు తెలుసు. ఒక డిగ్రీని 60 సమాన భాగాలు చేస్తే అందులో ఒక భాగం లిప్త. లిప్తను మళ్లీ 60 భాగాలు చేస్తే ఒక భాగం విలిప్త. గణితం పుస్తకంలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అని కోణాలను కొలుస్తామే, అవే ఇవి. వృత్తం మొత్తానికి 360 × 60 = 21,600 లిప్తలు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఆకాశం మన చుట్టూ ఒక రోజులో ఒక చుట్టు తిరిగినట్టు కనిపిస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. దాన్ని 21,600తో భాగిస్తే 4 వస్తుంది. అంటే ఆకాశం ఒక లిప్త జరగడానికి 4 సెకన్లు పడుతుంది. సూర్యబింబం వెడల్పు సుమారు 32 లిప్తలు. 32ను 4తో గుణిస్తే 128 సెకన్లు. సాయంత్రం మన ఊరి బయట సూర్యుడు నేల అంచును తాకినప్పటి నుంచి పూర్తిగా మునిగేదాకా గడియారం పెట్టుకుని చూడండి. రెండు నిమిషాలకు కొంచెం పైన పడుతుంది. (సూర్యుణ్ణి అదే పనిగా చూడకండి, కళ్లకు మంచిది కాదు. అప్పుడప్పుడు ఒక చూపు చూస్తే చాలు.) ఏ పరికరమూ లేకుండా లిప్తను మీరే కొలిచినట్టయింది.

కోణాన్ని కొలిచే ఈ మాటే మన తెలుగులోకి వచ్చేసరికి ‘అతి తక్కువ సమయం’ అనే అర్థంలో స్థిరపడింది.

రెండు దారులు

ఈ మాట ఎక్కడిది? చూడగానే సంస్కృతం అనిపిస్తుంది. సంస్కృతంలో ‘లిప్’ అనే ధాతువు ఉంది. పూయడం, అలకడం అని దాని అర్థం. లేపనం, విలేపనం అందులోంచి వచ్చినవే. ‘నిర్లిప్తంగా కూర్చున్నాడు’ అంటామే, ఆ నిర్లిప్త కూడా అక్కడిదే. ఏదీ అంటనివాడు అని. కాబట్టి లిప్త అంటే ‘పూసినది’ కావాలి. కానీ డిగ్రీలో అరవయ్యో వంతుకూ, పూయడానికీ సంబంధం ఏమిటి? ఎంత ఆలోచించినా అతకదు.

రెండో దారి గ్రీకు భాష. అందులో ‘లెప్తోస్’ అనే మాటకు సన్నని, చిన్న, సూక్ష్మమైన అని అర్థం. దాని బహువచన రూపాల్లో ఒకటి ‘లెప్తా’. గ్రీకు ఖగోళ శాస్త్రంలో డిగ్రీలో అరవయ్యో వంతుకు ఈ మాటే వాడారు. మోనియర్ విలియమ్స్ 1899 నాటి సంస్కృత నిఘంటువులో లిప్త దగ్గర ఈ గ్రీకు మాటనే చూపించాడు. నేటి గ్రీకులు కూడా నిమిషాన్ని ‘లెప్తో’ అనీ, సెకనును ‘దెఫ్తెరోలెప్తో’ అనీ అంటారు. దెఫ్తెరో అంటే రెండవ. అంటే రెండోసారి చేసిన చిన్న ముక్క అని.

మనం రోజూ వాడే మినిట్, సెకండ్ కూడా ఇలా పుట్టినవే. లాటిన్ పండితులు డిగ్రీని 60 ముక్కలు చేసి ‘మొదటి చిన్న భాగం’ అనే అర్థంలో ‘పార్స్ మినుతా ప్రీమా’ అన్నారు. దాన్ని మళ్లీ 60 చేసి ‘రెండో చిన్న భాగం’ అనే అర్థంలో ‘పార్స్ మినుతా సెకుందా’ అన్నారు. మొదటి దాంట్లోంచి మినిట్, రెండో దాంట్లోంచి సెకండ్ మిగిలాయి. మినుతా అన్నా లెప్తా అన్నా చిన్నదనే అర్థం.

‘లె’ ఎందుకు ‘లి’ అయింది అనే సందేహం రావచ్చు. తెలుగులో ఎ, ఏ రెండూ ఉన్నాయి. గ్రీకులోనూ హ్రస్వం, దీర్ఘం రెండూ ఉన్నాయి. సంస్కృతంలో మాత్రం హ్రస్వ ‘ఎ’ లేదు. కాబట్టి గ్రీకు ‘ఎ’ సంస్కృతంలోకి వచ్చినప్పుడు ఏదో ఒక పక్కకు జరగాల్సిందే. ‘కెంత్రోన్’ అనే గ్రీకు మాట ‘కేంద్రం’ అయినప్పుడు ఎ కాస్తా ఏ అయింది. ‘లెప్తా’ దగ్గర ఇ అయింది.

మూడు సాక్ష్యాలు

‘ఈ మాట ఫలానా వాళ్ల దగ్గర తెచ్చుకున్నాం’ అని ఎవరూ రాసి సంతకం పెట్టలేదు. అందుకే కోర్టులో లాగా సాక్ష్యాలు చూడాలి.

మొదటి సాక్ష్యం, మాటకు కుటుంబం ఎక్కడుంది అన్నది. గ్రీకులో లెప్తోస్ ఒంటరి మాట కాదు. ‘లెపో’ అంటే ఒలవడం, పొట్టు తీయడం. ‘లెపిస్’ అంటే చేప పొలుసు. ‘లెప్రా’ అంటే చర్మం పొలుసులుగా లేచే జబ్బు. లెప్రసీ అనే మాట దీనిదే. వీటి అర్థాలన్నీ ఒకదానికొకటి అతుకుతాయి. సంస్కృతంలోనేమో కొలత అనే అర్థంలో లిప్తకు చుట్టాలే లేరు.

రెండో సాక్ష్యం, మాట ఎవరితో కలిసి వచ్చింది అన్నది. లిప్తతో పాటు మన జ్యోతిష గ్రంథాల్లో గ్రీకు పోలికలున్న మాటలు గుంపుగా కనిపిస్తాయి. హోర, కేంద్రం, జామిత్రం, మేసూరణం అలాంటివే. జామిత్రం గ్రీకులో ‘దియామెత్రోస్’, అంటే వ్యాసం. 6వ శతాబ్దం వాడైన వరాహమిహిరుడు రాశులకు వాడుకలో ఉన్న పేర్లతో పాటు క్రియ, తావురి, జితుమ, లేయ వంటి పేర్లు కూడా ఇచ్చాడు. గ్రీకులో క్రియోస్ అంటే పొట్టేలు, తౌరోస్ అంటే ఎద్దు, దిదుమోయ్ అంటే కవలలు, లెయోన్ అంటే సింహం. మేషం, వృషభం, మిథునం, సింహం వరసలో ఇవి సరిగ్గా సరిపోయాయి. ఇన్ని మాటలు ఒక్కసారే పోలడం కాకతాళీయం కాదు.

హోర గురించి ఒక తమాషా సంగతి ఉంది. ‘అహోరాత్ర’ అనే మాటలో ముందు అక్షరం, చివరి అక్షరం తీసేస్తే ‘హోరా’ మిగులుతుందని కొందరంటారని వరాహమిహిరుడే బృహజ్జాతకంలో పేర్కొన్నాడు. అంటే బయటి నుంచి వచ్చిన మాటకు ఇంటి పేరు పెట్టే పని ఆ రోజుల్లోనే మొదలైందన్నమాట. గ్రీకులో ‘హోరా’ అంటే కాలం, గంట. ఇంగ్లీషు అవర్, హారోస్కోప్ కూడా దానిలోంచి వచ్చినవే.

మూడో సాక్ష్యం, మాట ఎప్పుడు కనిపించింది అన్నది. మన పాత వేదాంగ జ్యోతిషంలో ముహూర్తం, నాడిక, కళ వంటి కొలతలు ఉన్నాయి, లిప్త లేదు. గ్రీకులతో, రోమన్లతో రాకపోకలు పెరిగిన తర్వాతి గ్రంథాల్లోనే లిప్త కనిపిస్తుంది. ఆ రాకపోకల గుర్తులు మన చుట్టుపక్కల కూడా ఉన్నాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా పేరుతో రాశాడు. ఆ కాలంలో ఇక్కడ శాతవాహనుల పాలన.

ఈ రాకపోకల కాలం గురించి పండితుల్లో వాదాలున్నాయి. యవనజాతకం అనే గ్రంథాన్ని డేవిడ్ పింగ్రీ 1978లో ప్రచురించి, అది క్రీ.శ. 149–150లో గ్రీకు నుంచి అనువాదమై, 269–270లో పద్యరూపం పొందిందని రాశాడు. 2013లో బిల్ మాక్ కొత్త ఆధారాలు చూపించి ఆ సంవత్సరాలను ఒప్పుకోలేదు. అయితే లిప్త సంగతి ఆ ఒక్క పుస్తకం మీద ఆధారపడలేదు. మూడు సాక్ష్యాలూ గ్రీకు వైపే చూపిస్తున్నాయి.

‘మన మాటనే గ్రీకులు తీసుకుపోయారేమో’ అని కూడా అడగవచ్చు. హోమర్ ఇలియడ్ కావ్యం ఈ శాస్త్ర గ్రంథాలన్నిటికంటే ఎన్నో వందల ఏళ్లు ముందుది. అందులో లెప్తా అప్పటికే ఉంది. ఎక్కడుందో తెలిస్తే మన కూలి తల్లిదండ్రుల బిడ్డలందరికీ సంతోషం కలుగుతుంది.

ఎద్దుల కాళ్ల కింద

ఇలియడ్ 20వ భాగంలో హోమర్ ఒక యుద్ధాన్ని వర్ణిస్తూ కళ్లాన్ని పోలికగా తెస్తాడు. కళ్లంలో ఎద్దులను కాడి కట్టి బార్లీ గింజలు తొక్కిస్తుంటే, వాటి కాళ్ల కింద గింజ పొట్టు విడిచి బయటపడుతుంది. అలా పొట్టు విడిచిన గింజకు అక్కడ వాడిన మాట లెప్తా. అంటే ఈ మాటకు పాత అర్థం ‘పొట్టు తీసినది’. పొట్టు తీస్తే గింజ సన్నబడుతుంది, అందుకని ‘సన్నని’ అయింది. సన్ననిది చిన్నది కాబట్టి ‘చిన్న ముక్క’ అయింది. చిన్న ముక్క డిగ్రీలో అరవయ్యో వంతు అయింది. అది మన పంచాంగానికి ఎక్కి, పేపర్లో ‘లిప్తపాటు’ అయింది.

హార్వెస్టర్లు రాకముందు మన మరిపెడ చుట్టుపక్కల కూడా కళ్లంలో ఎద్దులతో బంతి తొక్కించేవాళ్లు. మా అమ్మ చాటలో వడ్లు చెరిగితే పొట్టు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు పోయేది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా అమ్మకు గ్రీకు అంటే ఏమిటో తెలియదు, లిప్త అంటే ఏమిటో తెలియదు. కానీ లెప్తా అనే మాట పుట్టిన పని మాత్రం ఆమె జీవితమంతా చేసింది. అలాంటప్పుడు అది ‘పెద్దవాళ్ల మాట’ ఎట్లా అవుతుంది?

ఇదొక్కటే కాదు. కేంద్రానికి మూలమైన ‘కెంత్రోన్’ అంటే ఏమిటో తెలుసా? ఎద్దును అదిలించే ముల్లుగర్ర! పొడిచే మొన అని. వృత్తం గీసేటప్పుడు కంపాస్ మొనను గుచ్చే చోటు కాబట్టి అది వృత్తానికి కేంద్రం అయింది. కేంద్ర ప్రభుత్వం, కేంద్ర మంత్రి అన్నప్పుడల్లా లోపల ఒక ముల్లుగర్ర ఉందన్నమాట.

లెప్తోస్ కుటుంబం ఇప్పుడు

గ్రీకు లెప్తోస్ మనకు ఇంగ్లీషు ద్వారా ‘లెప్టో’గా మళ్లీ వచ్చింది. సైన్సు చదివేవాళ్లకు ఇది అడుగడుగునా తగులుతుంది.

ఇంటర్ బైపీసీలో క్షయకరణ విభజన పాఠం ఉంటుంది. లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్ అని దశల పేర్లు వస్తాయి. తెలుగు మీడియం నుంచి వెళ్లిన మాకు ఇవి మంత్రాల్లాగా అనిపించేవి. అర్థం అడిగితే ‘అర్థాలతో పనేముంది, బట్టీ పట్టండి’ అన్న లెక్చరర్ కూడా ఒకాయన ఉన్నారు. అర్థం తెలిస్తే బట్టీ అవసరమే లేదు. ‘తైనియా’ అంటే పట్టీ, రిబ్బను. టీన్ అంటే అదే. లెప్టోటీన్ అంటే సన్నని దారం. ఆ దశలో క్రోమోజోములు సన్నని దారాల్లా ఉంటాయి. జైగో అంటే కాడి. కాడికి రెండు ఎద్దులను కట్టినట్టు, జైగోటీన్‌లో క్రోమోజోములు జతలు కడతాయి. పాకి అంటే మందం. పాకిటీన్‌లో అవి మందమవుతాయి. డిప్లో అంటే జంట. డిప్లోటీన్‌లో జత విడివడుతూ రెండుగా కనిపిస్తాయి. చూశారా, పేరులోనే పాఠం ఉంది. సంయుక్తబీజాన్ని జైగోట్ అనడం కూడా ఆ కాడి వల్లనే.

పొలం నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి, కాళ్లకున్న పుండ్ల ద్వారా వచ్చే జ్వరం లెప్టోస్పైరోసిస్. దాన్ని కలిగించే క్రిమి లెప్టోస్పైరా. సన్నని, మెలికలు తిరిగినది అని అర్థం. నాట్లు వేసేటప్పుడు కాళ్లకు పగుళ్లు, పుండ్లు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని ఇంటికి వెళ్లినప్పుడు చెప్పండి. ఆ పనుల రోజుల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, పొలం నీళ్లలో పనిచేసిన సంగతి కూడా చెప్పాలి.

1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆకలిని అదుపు చేసే ఒక హార్మోనును కనిపెట్టింది. అది లోపించిన ఎలుకలు విపరీతంగా లావెక్కుతాయి. దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు, సన్నగా ఉంచేది అని.

భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాన్ వంటి తేలికైన కణాలకు 1948లో రోసెన్‌ఫెల్డ్ లెప్టాన్లు అని పేరు పెట్టాడు. ప్రోటాన్‌తో పోలిస్తే ఎలక్ట్రాన్ 1,836 రెట్లు తేలిక. తర్వాత 1970లలో మార్టిన్ పెర్ల్ బృందం టౌ అనే కొత్త లెప్టాన్‌ను కనుగొంది. చూస్తే అది ప్రోటాన్ కంటే దాదాపు రెట్టింపు బరువు! అయినా పేరు లెప్టానే. మన ఊళ్లల్లో చిన్నయ్య అని పేరు పెట్టిన పిల్లవాడు ఆరడుగులు పెరిగినా చిన్నయ్యే కదా. ఈ కణాన్ని కనుగొన్నందుకు పెర్ల్‌కు 1995లో నోబెల్ బహుమతి వచ్చింది.

చర్చికి వెళ్లే మిత్రులకు పేద విధవరాలి కానుక కథ తెలుసు. ఆమె పెట్టెలో వేసిన రెండు చిన్న నాణేలు మార్కు సువార్త గ్రీకు మూలంలో రెండు ‘లెప్తా’. అన్నిటికంటే చిన్న నాణెం కాబట్టి ఆ పేరు.

ఎవరి సొత్తు?

ఇంతకీ ఈ మాట గ్రీకుదైతే మనకేమిటి? నాకు ముఖ్యమనిపించింది ఇది. మన సమాజంలో చదువును, శాస్త్రాన్ని కొందరి సొత్తుగా వందల ఏళ్లు దాచారు. అంటరానివారన్నారు, మ్లేచ్ఛులన్నారు, దూరం పెట్టారు. కానీ ఆ శాస్త్రంలోనే హోర, లిప్త, కేంద్రం వంటి మాటలు మ్లేచ్ఛులనుకున్న యవనుల దగ్గరి నుంచి వచ్చాయి. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం బాగా తెలిసినవారు కాబట్టి వారిని రుషులతో సమానంగా గౌరవించారనే సంగతి వరాహమిహిరుడి బృహత్సంహితలోనే ఉంది. జ్ఞానం దగ్గర పుట్టుకను చూడకూడదని ఆ గ్రంథంలోనే సాక్ష్యం దొరికితే, ఇక మనల్ని ఆపే మాట ఏముంది?

గ్రీకులు కూడా అంతా తామే కనిపెట్టలేదు. 60తో భాగించే పద్ధతిని వాళ్లు బాబిలోనియా వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. అలాగే మన దగ్గరి నుంచి కూడా మాటలు బయటికి వెళ్లాయి. త్రికోణమితిలో మీరు చదివే ‘సైన్’ మన ‘జ్యా’ అనే మాట నుంచి బయలుదేరింది. జ్యా అంటే వింటినారి. దానికే జీవా అని ఇంకో పేరు. అరబ్బులు దాన్ని ‘జీబా’ అని రాసుకున్నారు. వాళ్ల లిపిలో అచ్చులు సరిగా రాయరు కాబట్టి తర్వాతివాళ్లు ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే వంపు, ఒడి. దాన్ని లాటిన్‌లోకి మార్చినవాళ్లు అదే అర్థంతో ‘సైనస్’ అన్నారు. అదే సైన్.

మన నేల మీద దొరికిన కోటాసారస్ అనే రాక్షసిబల్లి పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. సారస్ అంటే గ్రీకులో బల్లి. యామన్‌పల్లి అంటే పాత ఆదిలాబాద్ జిల్లాలోని పల్లె. ఒక తెలంగాణ పల్లె పేరు గ్రీకు మాట పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరుగుతోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన హాస్టళ్ల నుంచి వెళ్లినవాళ్లలో తెలివి ఉండి కూడా పెద్ద పెద్ద పేర్లకు భయపడి సైన్సు గ్రూపు వదిలేసినవాళ్లు నాకు తెలుసు. అందుకే మీకొక సలహా. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కొత్త పదం రాగానే దాన్ని ముక్కలు చేయండి. లెప్టో సన్నని, పాకి మందం, జైగో కాడి, డిప్లో జంట అని ఒక్కో ముక్కకు మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో, మీ తండాలో మాట్లాడే భాషలో అర్థం రాసుకోండి. రోజుకు రెండు మాటలు చాలు. ఏడాదికి ఏడువందల పైన అవుతాయి. ఒక ముక్క తెలిస్తే అది ఉన్న పదాలన్నీ సగం తెలిసినట్టే. అర్థం చెప్పమని సార్లను, మేడమ్‌లను ధైర్యంగా అడగండి. అడగడం తప్పు కాదు.

వడ్లను చెరిగితే గింజ బయటపడినట్టే, మాటను చెరిగితే అర్థం బయటపడుతుంది. చెరగడం మన ఇళ్లలో అందరికీ వచ్చిన పనే.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. పదో తరగతి రాస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మంచి మార్కులతో పాసై, భయం లేకుండా నచ్చిన గ్రూపు తీసుకోవాలని కోరుకుంటూ,

మీ అన్న,
హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)